గుట్ట వాలులో ఇల్లు: వెనక గోడ ఒరిగింది, మట్టి కొట్టుకొస్తోంది. ఎలాంటి రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) కట్టుకోవాలి?

నీలగిరి_ఇల్లు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. పట్టణం అంచున, గుట్ట దిగువన ఉన్న 40 × 60 అడుగుల ప్లాటులో, అంటే సుమారు 267 గజాల్లో, రెండేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాము. తూర్పున రోడ్డు, పడమర గుట్ట. రోడ్డు మట్టానికీ వెనక హద్దుకూ దాదాపు 7 అడుగుల ఎత్తు తేడా ఉండటంతో జేసీబీతో వెనక భాగాన్ని తవ్వించి, అక్కడ వచ్చిన మొరాన్నే, అంటే గులక మట్టినే, ముందు వైపు పోయించి నేలను సమం చేసుకున్నాము. దాంతో వెనక వైపు 6 అడుగుల ఎత్తున నిటారుగా మట్టి కోత మిగిలింది. ఆ కోతకు రెండడుగులు ఇవతల 9 అంగుళాల ఇటుక గోడ కట్టించి, నడుమ ఖాళీలో చెరువు పూడిక మట్టి నింపించాము. అది ట్రాక్టరుకు తక్కువ ధరకే దొరికింది, నింపితే చాలుననుకున్నాము.

గత సెప్టెంబరులో మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లవారి వెనక తలుపు తీస్తే అంట్లు తోమే గద్దె మీద అర అంగుళం మందాన ఎర్రటి రేగడ పేరుకుని ఉంది. గోడకు నడుమ ఎత్తులో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అడ్డపగులు పడి, అందులోంచి నీరు సన్నగా ఊరుతోంది. తూకం గుండు వేలాడదీసి చూస్తే గోడ పై అంచు 3 అంగుళాలు ముందుకు వచ్చినట్టు తేలింది. అప్పటి నుంచి మా అమ్మను వెనక అరుగు మీద కూర్చోవద్దని చెబుతూనే ఉన్నాము, అయినా కూరగాయలు తరగడానికి ఆమె అక్కడికే పోతుంది. నాకు రాత్రి వాన చప్పుడు వినబడితే నిద్ర పట్టడం లేదు.

ముగ్గురిని పిలిచి చూపించాను. ఒక మేస్త్రీ ఉన్న గోడకే ముందు వైపు మూడు పిల్లర్లు పోసి ఆపవచ్చన్నారు. ఇంకొకరు రాతి గోడ కట్టుకొమ్మన్నారు. మూడో ఆయన కాంక్రీటు గోడ తప్ప ఏదీ నిలవదన్నారు. గోడకు నీటి రంధ్రాలు పెట్టించుకోవాలని ఒకరంటే, ఆ రంధ్రాల్లోంచి పాములు వస్తాయని మా బంధువులు వద్దంటున్నారు. ఇంటికీ గోడకూ నడుమ 9 అడుగుల ఖాళీ ఉంది. ఈసారి పెట్టే డబ్బు మట్టిలో పోకూడదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు_ఇంజినీరు ఇచ్చిన జవాబు:

నేను మహబూబ్‌నగర్‌లో పదహారేళ్లుగా కట్టడాల డిజైన్ పని చేస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, మీ అమ్మగారి గురించి రాసిన మాట నన్ను ఆపింది. ఒరిగిన గోడ అక్కడితో ఆగిందని అనుకోకండి. పూడిక మట్టి ఎండకు ముడుచుకుని గోడను వదులుతుంది, తిరిగి తడవగానే ఉబ్బి నెడుతుంది. ప్రతి సారీ గోడ ముందుకే జరుగుతుంది గాని వెనక్కి పోదు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు హైదరాబాదు బండ్లగూడలో ప్రహరీ గోడ కూలి దిగువనున్న ఇళ్ల మీద పడింది, నిద్రలో ఉన్నవారి ప్రాణాలు పోయాయి. కనుక గోడ నుంచి 9 అడుగుల లోపు, అంటే మీ వెనక ఖాళీ అంతటా, ఎవరూ తిరగకుండా ఈ రోజే అడ్డుకట్టండి. గోడ మీది భాగం నుంచి మట్టిని కొద్దికొద్దిగా తీయించి బరువు తగ్గించండి, మిగిలిన దానిమీద టార్పాలిన్ కప్పించండి. గోడ ముందు నిలబడి ఈ పని చేయకూడదు, పై నుంచే చేయాలి.

ఇక గోడ ఎందుకు ఒరిగిందో లెక్కలో చూద్దాము, ఎందుకంటే ఏ గోడ కట్టాలన్నది ఆ లెక్కలోనే ఉంది. 6 అడుగుల ఎత్తున్న పొడి మొరం గోడను మీటరు నిడివికి సుమారు 1 టన్ను బలంతో నెడుతుంది. మీ 9 అంగుళాల ఇటుక గోడ మొత్తం బరువే మీటరుకు 0.8 టన్నుకు మించదు, పైగా ఆ బరువు నిలబడటానికి అడుగున ఉన్న చోటు 9 అంగుళాలే. అంటే పొడి మట్టికే అది చాలదు. ఇన్నాళ్లూ పడిపోకుండా ఉన్నది మీ కోతలోని మొరం దానంతట అదే నిలబడగలిగే గట్టిది కాబట్టి. గోడ మీద నిజంగా బరువు మోపింది మీరు నడుమ నింపిన రెండడుగుల పూడిక మట్టి, అందులో చేరిన నీరు.

ఇప్పుడు నీటి సంగతి చూడండి. అదే 6 అడుగుల ఎత్తున మట్టిలో నీరు నిండా నిలిచిందంటే, నీటి వత్తిడితో కలిపి నెట్టే బలం మీటరుకు 1 టన్ను నుంచి 2 టన్నులు దాటిపోతుంది. ఈ తేడా ఎంత దూరం పోతుందో రాతి గోడతో చెబుతాను. పైన ఒకటిన్నర అడుగులు, అడుగున 4 అడుగులు వెడల్పుతో కట్టిన 6 అడుగుల రాతి గోడ బరువు మీటరుకు సుమారు 3.6 టన్నులు ఉంటుంది. అడుగున మొరంతో దానికి దొరికే రాపిడి ఆ బరువులో సగం, అంటే 1.8 టన్నులు అనుకుందాము. పొడి మట్టి నెట్టేది 1 టన్ను కనుక గోడ నిశ్చింతగా నిలుస్తుంది. జారకుండా ఉండటానికి మేము కోరుకునే ఒకటిన్నర రెట్ల భద్రత కన్నా ఎక్కువే ఉంది. వెనక నీరు నిలిస్తే నెట్టేది 2 టన్నులకు పైనే. అంత మందపు రాతి గోడ కూడా ముందుకు జారుతుంది. రాయా, కాంక్రీటా అన్న ప్రశ్న కన్నా వెనక నీటికి దారి ఉందా అన్న ప్రశ్న పెద్దదని నేను చెప్పేది ఇందుకే. అలుగు లేకుండా మనవాళ్లు ఏ చెరువు కట్టా కట్టలేదు. మీ గోడ వెనక మాత్రం అలుగూ తూమూ లేని చెరువు ఒకటి తయారైంది.

పిల్లర్ల ఆలోచన మానుకోండి. గోడకు కట్టుబడని పిల్లరు ముందు నిలబడి ఉంటే పిల్లరుకూ పిల్లరుకూ నడుమ ఇటుక విల్లులా వంగి విరుగుతుంది, వెనక నీరు ఉన్నచోటే ఉంటుంది. ఉన్న గోడను తీసివేయడమే మేలు.

నీటి దారి ఇలా ఉండాలి. కొత్త గోడ వెనక అడుగు నుంచి దాదాపు పైదాకా కనీసం ఒక అడుగు మందాన 20, 40 ఎంఎం కంకర పొర రావాలి. కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. నీరు అందులోంచి దిగుతుంది, మట్టి ఆగుతుంది. ఈ గుడ్డ మీద మిగుల్చుకున్న డబ్బు దండగ ఖర్చు కిందికే వస్తుంది, ఎందుకంటే అది లేకపోతే సన్నటి ఒండ్రు కంకర సందుల్లో చేరి కొన్నేళ్లలో ఆ పొరే మట్టి గోడలా మూసుకుపోతుంది. కంకర అడుగున 4 అంగుళాల రంధ్రాల పైపును, రంధ్రాలు కిందికి ఉండేలా, 100 అడుగులకు ఒక అడుగు వాలుతో వేయాలి. మీ 40 అడుగుల వెడల్పుకు ఈ కొస నుంచి ఆ కొసకు 5 అంగుళాల వాలు సరిపోతుంది. ఇది కాక గోడలో 3 లేదా 4 అంగుళాల పీవీసీ పైపులతో నీటి రంధ్రాలు, నేల మట్టానికి అర అడుగు పైన మొదటి వరుస, దానికి మూడడుగుల పైన రెండో వరుస, 5 అడుగులకొకటి చొప్పున, కింది రెండింటి నడుమ పైది వచ్చేలా పెట్టాలి. ప్రతి పైపూ బయటికి కొంచెం వాలి ఉండాలి. పాముల భయం సహజమే. పైపు బయటి మూతికి తుప్పు పట్టని జాలీ బిగిస్తే ఆ భయం తీరుతుంది. దాని కోసం రంధ్రమే వద్దనుకోకూడదు.

కంకర వెనక మిగిలే చోటును మొరంతోనే, అర అడుగు పొరలుగా, చేతి దిమ్మిసతో కొట్టి నింపాలి. గోడకు మూడడుగుల లోపు జేసీబీని గాని రోలరును గాని రానివ్వకండి. పూడిక మట్టిని పూర్తిగా తీసివేయండి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పటి నుంచి ఈ మట్టి చవకగా దొరుకుతోందని గోడల వెనక, బేస్‌మెంట్ల కింద నింపుతున్నారు. అది చెలక పొలానికి సత్తువ ఇచ్చే మట్టి, అక్కడే దానికి విలువ. తడిస్తే ఉబ్బే నల్ల బంకమట్టి గోడ వెనక ఉండరాదు.

కాంక్రీటు గోడే కట్టుకోదలిస్తే ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆ గోడలో నిలువు ఇనుప సలాకలు మట్టి వైపు ముఖంలో ఉండాలి, ఎందుకంటే మట్టి నెట్టినప్పుడు సాగేది ఆ ముఖమే. నేను చూసిన కూలిన కాంక్రీటు గోడల్లో రెండింటికి సలాకలు ఇంటి వైపు కట్టి ఉన్నాయి. అడుగు పలక వెడల్పు 4 అడుగుల దాకా కావాలి, అది గుట్ట వైపు మీ హద్దు దాటకూడదు. డిజైన్ లేకుండా కాంక్రీటు గోడ పోయించకండి. మీ ఎత్తుకు, రాయి దగ్గర్లోనే దొరికే మీ ఊళ్లో, నేనైతే రాతి గోడనే ఎంచుకుంటాను.

భువనగిరి_వాసి ఇచ్చిన జవాబు:

ఇంజినీరు గారు చెప్పినదంతా చదివాను. కాని మా ఇంటి వెనక 5 అడుగుల గోడకు ఒక్క రంధ్రం కూడా లేదు. తొమ్మిది అంగుళాల గోడే, కట్టి పదేళ్లు దాటింది, వెంట్రుకంత పగులు కూడా రాలేదు. ప్రతి చోటా ఇంత ఖర్చు పెట్టించడం అవసరమా అని అడుగుతున్నాను. తప్పుగా అనుకోవద్దు.

పాలమూరు_ఇంజినీరు ఇచ్చిన జవాబు:

అడగవలసిన ప్రశ్నే అడిగారు. మీ గోడ వెనక ఉన్నది మట్టియేనా, లేక సాపరాయా అన్నది ఒకసారి చూడండి. మీ ఇల్లు బండను తొలిచి కట్టినదై ఉండవచ్చు. బండ తనంతట తాను నిలబడుతుంది, గోడను నెట్టదు. అక్కడ గోడ కంటికి అడ్డుగా ఉండే తెర మాత్రమే. వెనక నింపిన మట్టి కూడా లేకపోతే నీరు నిలవడానికి చోటే ఉండదు. పక్కింటి గోడ నిలిచిందని దానినే చూసి కట్టుకోవడం వల్లనే నల్లగొండ ఆయనకు ఈ కష్టం వచ్చిందని నా అనుమానం. ప్రతి ప్లాటులోనూ ఒక గుంత తవ్వి చూడనిదే చెప్పలేము.

భువనగిరి_వాసి ఇచ్చిన జవాబు:

ఇప్పుడే నాన్నగారిని అడిగాను. అక్కడ ఉన్నది బండేనట, తొలిపించడానికి నెల పట్టిందట. వివరించినందుకు ధన్యవాదాలు.

దేవరకొండ_రాతిపని ఇచ్చిన జవాబు:

తమ్ముడూ, మా ఇంట్లో మూడు తరాలుగా రాతి పనే. రాతి గోడ కట్టించుకుంటానంటే సంతోషమే, కాని రాయి వాడినంత మాత్రాన అది రాతి గోడ కాదు. ఈ రోజుల్లో ఎక్కువ మంది ముందు ముఖానికి ఒక వరుస, వెనక ముఖానికి ఒక వరుస నిలబెట్టి, నడుమ ముక్కలు, మట్టి పారబోసి పైన మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పూస్తున్నారు. చూడటానికి నిండుగా ఉంటుంది. లోపల అది రెండు పలుచని గోడలు. నీరు దిగితే రెండూ విడిపోయి ముందుది కడుపు ఉబ్బుతుంది.

మీరు దగ్గర నిలబడి చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రాయి పుచ్చుది కాకూడదు. సుత్తితో కొడితే ఖంగుమని మోగాలి, మెత్తటి శబ్దం వచ్చి అంచు పొడిగా రాలితే ఆ రాయిని పక్కకు పెట్టించండి. ప్రతి వరుసలోనూ 5 అడుగులకో చోట గోడ మందమంతా పట్టే పొడుగు రాయి రావాలి. అడుగున మందం 4 అడుగులు ఉంటుంది కనుక ఒక్క రాయి చాలదు, అక్కడ రెండు పొడుగు రాళ్లను నడుమ ఒకదాని పక్కన ఒకటి అర అడుగు కలిసేలా పెట్టాలి. రాయిని దాని పొర పడుకున్న తీరుగానే, వెడల్పు ముఖం కిందికి వచ్చేలా పడుకోబెట్టాలి, నిలబెట్టకూడదు. నడుమ సందుల్లో ముందు మాలు వేసి, తర్వాత చిన్న రాతి చిప్పలు సుత్తితో దిగగొట్టాలి. చిప్పలు ముందు వేసి పైన మాలు పోస్తే అది అడుగుకు దిగదు, లోపల గుల్ల మిగులుతుంది. సిమెంటు ఒకటికి ఇసుక ఐదు పాళ్లు చాలు. రాళ్లను తడిపి వాడాలి. రోజుకు మూడడుగులకు మించి ఎత్తు లేపనివ్వకండి, తడి మాలు మీద బరువు ఎక్కితే కింది వరుస కదులుతుంది. ఇంటి వైపు ముఖం పైకి పోయే కొద్దీ గుట్ట వైపుకు వాలాలి. 6 అడుగులకు 6 నుంచి 9 అంగుళాల వాలు మా లెక్క.

పునాది కోసం 40 అడుగుల పొడవూ ఒక్కసారే తవ్వనివ్వకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణాలతో పని. కోత అడుగున కాలువ తీస్తే పైన 6 అడుగుల మట్టి గాలిలో నిలబడినట్టే. 8, 10 అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, ఆ ముక్కలో గోడ నడుము ఎత్తు దాకా లేచిన తర్వాతే పక్క ముక్క తవ్వాలి. మట్టి దిగువన మనిషి వంగి ఉన్నప్పుడు పైన ఒకరు పగుళ్ల కోసం చూస్తూ నిలబడాలి. మా మామ ఒకరు మట్టి పెళ్ల మీద పడి నడుము పోగొట్టుకున్నారు, అందుకే ఇంత చెబుతున్నాను.

రంధ్రాల విషయంలో ఇంజినీరు మేడమ్ చెప్పినదానికి నా కళ్లతో చూసినది ఒకటి చేరుస్తాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక ఇంట్లో మేము కట్టిన గోడే కడుపు ఉబ్బిందని కబురు వస్తే వెళ్లాను. కట్టినప్పుడు మేము పెట్టిన ఎనిమిది పైపులకూ ఇంటివారు తర్వాత సిమెంటు బిరడాలు కొట్టించి రంగు వేయించారు. పైపుల్లోంచి కారే నీటికి గోడ మీద ఎర్ర చారలు పడుతున్నాయని, తేళ్లు వస్తున్నాయని చెప్పారు. వాన వెలిసి అప్పటికి రెండు రోజులైంది. నేను పక్కకు జరిగి కింది వరుసలో ఒక బిరడాను ఉలితో కొట్టాను. బిరడా ఊడి నా చెప్పుల ముందు పడింది, వెంటనే పైపు నిండా ఎర్ర నీరు బిందె వంచినట్టు దూకింది. టీ తాగి వచ్చేదాకా అది కారుతూనే ఉంది. మిగతా ఏడు కూడా తీసివేశాము. ఉబ్బు వెనక్కి పోలేదు గాని, ఆ తర్వాత పెరగలేదు.

కాలం గురించి కూడా చెప్పాలి. సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు పని తెమలుతుంది. గోనెసంచులు కప్పి కనీసం పది రోజులు పొద్దునా సాయంత్రమూ తడపాలి. గోడ లేచిన మూడు వారాల దాకా వెనక మట్టి నింపకూడదు. ఇదంతా మిరుగు కార్తె లోపల ముగియాలి. తొలకరికి గోడ వెనక సగం నింపి వదిలేసిన ఇళ్లను చూశాను, అది గోడ లేకపోవడం కన్నా చెడ్డది.

అచ్చంపేట_వాటర్‌షెడ్ ఇచ్చిన జవాబు:

పైవారిద్దరూ గోడ సంగతి చక్కగా చెప్పారు. నేను వాటర్‌షెడ్ పనుల్లో ఇరవై ఏళ్లు గుట్టల మీద తిరిగినవాడిని కాబట్టి గోడకు పైన ఏం జరుగుతుందో చెబుతాను. మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో చాలా చోట్ల ఏడాది వాన 600 నుంచి 750 మిల్లీమీటర్లే. వాన తక్కువ కదా అని చాలా మంది వరద గురించి ఆలోచించరు. కాని ఆ కొద్ది వానా కొన్ని గంటల్లో కుమ్మరిస్తుంది. ఎకరం వాలు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరు 2 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. మన గుట్టల మీద నేల పలుచన, అడుగున బండ, కనుక అందులో చాలా భాగం ఇంకకుండా దిగివస్తుంది. వెనక తలుపు దగ్గర మీరు చూసిన ఎర్రటి రేగడ ఆ నీరు మోసుకొచ్చిన గుట్ట నేలే. ఒకసారి పోయిన ఆ మట్టిని గుట్టకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ నీటిని గోడ దాకా రానివ్వకుండా పైనే మళ్లించాలి. కోత పై అంచుకు నాలుగైదు అడుగుల ఎగువన, ప్లాటు వెడల్పంతా, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే లోతుతో అడ్డ కాలువ తీయించి, రెండు వైపులా కాకుండా ఒకే వైపుకు వాలు ఇచ్చి, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా రోడ్డు పక్క మోరీ దాకా దింపాలి. దుబ్బ నేలలో మట్టి కాలువ ఒక్క వానకే కోసుకుపోయి వాగులా మారుతుంది కనుక అడుగునా పక్కలా రాళ్లు పరిచి మాలు పట్టించండి. మీ హద్దు లోపల ఆ చోటు లేకపోతే, గుట్ట ప్రభుత్వ భూమి అయ్యే అవకాశం ఎక్కువ, అనుమతి లేనిదే పలుగు పెట్టకూడదు. మీ వరుసలోని ఇళ్లవారందరూ కలిసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకుంటే ఒకే కాలువతో అందరి గోడలూ నిలుస్తాయి. ఒక్క ఇంటివారు తవ్వితే నీరు పక్కింటి మీదికి పోయి తగాదాలు వస్తాయి, ఇది నేను చాలా ఊళ్లలో తీర్చలేక వదిలేసిన పంచాయితీ.

కోత పైన ఉన్న వాలును గీకి శుభ్రం చేయకండి. తంగేడు, అడవి సీతాఫలం పొదలు ఉంటే ఉండనివ్వండి, బాలానగర్ సీతాఫలాలకు పేరు తెచ్చిన నేల మనది, ఆ చెట్టు బండ సందులో కూడా మట్టిని పట్టుకుంటుంది. వాటి నడుమ, వాలుకు అడ్డంగా, జానెడు దూరం కూడా లేకుండా వట్టివేరు గంటలు వరుసగా నాటించండి. తొలకరిలో నాటితే రెండు వానాకాలాల్లో గంటలు కలిసిపోయి మట్టిని ఆపే దడి అవుతుంది, వేళ్లు నిలువుగా 6 నుంచి 10 అడుగుల దాకా దిగుతాయి. రావి, మర్రి మొలకలు గోడ సందుల్లో కనబడితే మాత్రం వేలెడు ఉన్నప్పుడే పీకించండి.

నీలగిరి_ఇల్లు రాసిన వివరం:

పెద్దలందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వెనక తలుపుకు తాళం వేసి, అమ్మ పీటను ముందు వసారాలోకి మార్చాము. శనివారం ఇద్దరు కూలీలు పై నుంచి పూడిక మట్టిని మూడడుగుల మేర తీశారు. లోపలి మట్టి పిడికిట పడితే ముద్ద అయ్యేంత తడిగా ఉంది, వాన కురిసి అప్పటికి పదకొండు రోజులు. దానిని ఇన్ని రోజులు ఆ గోడ మోసిందంటే ఒళ్లు జలదరించింది. ఆ మట్టిని మా బావగారు తన చెలకకు తోలుకుపోయారు.

ఒక మూలన గుంత తవ్వించి చూశాము. నేల మట్టానికి రెండడుగుల లోతున గట్టి మొరం, ఇంకో అడుగు దిగితే సాపరాయి తగిలింది. రాతి గోడకే నిర్ణయించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా ఇంకుడు గుంత ఉత్తరపు మూలన, పాత గోడకు మూడడుగుల ఎగువన, కోత పైనే ఉంది. ఇంటి కప్పు మీది నీరు, పైపుతో అక్కడికే పోతుంది. దానిని అలాగే ఉంచవచ్చా? గోడ అడుగు పైపు నీటిని ఎక్కడికి వదలాలి?

పాలమూరు_ఇంజినీరు ఇచ్చిన జవాబు:

ఇంకుడు గుంత గురించి మీరు ఇప్పుడు చెప్పడం మంచిదయింది, ఎందుకంటే మీ కష్టంలో సగం అక్కడే ఉంది. కప్పు మీద పడిన వానంతా గోడ నెత్తిన పోసుకుంటున్నారు. ఇంకుడు గుంత మంచిదే, కాని అది గోడకు దిగువన, ఇంటి పునాదికి కూడా పది అడుగులైనా దూరంగా ఉండాలి. మీ ప్లాటులో అందుకు తగిన చోటు తూర్పున గేటు పక్కన. పాత గుంతలోని కంకర తీసి కొత్త దానిలోకి వాడుకోండి, పాతదాన్ని మొరంతో పొరలుగా కొట్టి మూసివేయండి. అలాగే గోడ ఎగువన నీళ్ల సంపు గాని, సెప్టిక్ ట్యాంకు గాని, కారు నిలిపే చోటు గాని పెట్టకండి. ఒకవేళ ముందే ఉంటే నాకు చెప్పండి, గోడ మందం మారుతుంది.

అడుగు పైపును దక్షిణపు గోడ వెంట ఇంటి పక్క సందులోంచి రోడ్డు మోరీకి కలపండి. మలుపు దగ్గర మూత తీసి చూడగలిగే చిన్న గుంత ఒకటి కట్టించుకుంటే, ఏటా మిరుగుకు ముందు పైపులో బకెట్టు నీళ్లు పోసి అవతల వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. మోరీ మట్టం మీ పైపు మూతి కన్నా ఎత్తులో ఉంటే వరద వెనక్కి తన్నుతుంది, కనుక పునాది మొదలుపెట్టే ముందే లెవల్ పైపు పట్టి ఆ రెండింటి ఎత్తు కొలవండి. సాపరాయి మూడడుగుల లోతులోనే దొరికింది కాబట్టి పునాదిని దానిమీదే కూర్చోబెట్టండి. బండ నున్నగా ఉంటే ఉలితో గరుకు చేయించి, గుట్ట వైపుకు కొంచెం వాలుగా మెట్టు కొట్టించండి, గోడకు జారే గుణం చాలా తగ్గుతుంది.

దేవరకొండ_రాతిపని ఇచ్చిన జవాబు:

బండ మీద మొదటి వరుస వేసేముందు దాన్ని కడిగి, సిమెంటు పాలు చల్లమనండి. దుమ్ము మీద మాలు పట్టదు. పొడుగు రాళ్లకు విడిగా ముందే చెప్పి ఉంచండి, లోడులో అవి వాటంతట అవి రావు.

నీలగిరి_ఇల్లు రాసిన వివరం:

ఇందాకే లెవల్ పైపు పట్టి చూశాము. రోడ్డు మోరీ అడుగు మా వెనక నేల మట్టానికి 14 అంగుళాల దిగువన ఉంది. సందులో పైపు పొడవు 58 అడుగులు వస్తుంది, దానికి 7 అంగుళాల వాలు పోగా, గోడ వెంట కావలసిన 5 అంగుళాలు కూడా తీసేస్తే ఇంకా 2 అంగుళాలు మిగులుతున్నాయి. మా వరుసలోని ఐదు ఇళ్లవారు అడ్డ కాలువ అర్జీ మీద సంతకాలు పెట్టారు, ఆరో ఇంటివారు ఊళ్లో లేరు, ఆదివారం వస్తారు.